నీలి చుక్క ఆగిపోతే.. మీ చేతిలో ఏముంది?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఇవాళ పొద్దుట్నుంచి మీరు జీపీఎస్‌ను ఎన్నిసార్లు వాడారు?

'బస్సు ఎక్కడుందో చూశా, ఆర్డర్ పెట్టిన బిర్యానీ ఎక్కడిదాకా వచ్చిందో చూశా.. మహా అయితే మూడు సార్లు' అంటారేమో. లెక్క అక్కడితో ఆగదు. మీరు మాట్లాడిన ఫోన్ కాల్ సెల్ టవర్ల మీదుగా వెళ్లింది. ఆ టవర్లలో చాలావాటికి టైమ్ చెప్పేది ఉపగ్రహమే. మీ గదిలో తిరుగుతున్న ఫ్యాన్‌కు కరెంటు మోసుకొచ్చే గ్రిడ్‌ మీద కన్నేసి ఉంచే పరికరాలు కొన్ని ఆ టైమ్‌నే నమ్ముకున్నాయి. మీ ఊళ్లో పొలం కొలిచే సర్వేయర్ చేతిలో రోవర్, చేను మీద మందు కొట్టే డ్రోన్, మిమ్మల్ని ఎక్కించుకుని దిగుతున్న విమానం.. అన్నీ ఆకాశం వైపు చూసి పనిచేస్తున్నవే.

జీపీఎస్ వాడొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది మనిషి చేసిన గొప్ప పనుల్లో ఒకటి. చెప్పదలచుకున్నది ఇంకోటి. సిగ్నల్ ఉన్నప్పుడు పనిచేయగలిగేవాళ్లు ఏ రంగంలోనైనా బోలెడుమంది దొరుకుతారు. సిగ్నల్ పోయినప్పుడు, అంతకంటే ముఖ్యంగా సిగ్నల్ అబద్ధం చెబుతున్నప్పుడు, దాన్ని గుర్తుపట్టి పని ఆగకుండా చూసేవాళ్లే తక్కువ. చదువుకుంటున్న మీరు, ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు ఆ తక్కువమందిలో ఉండాలి.

తిరనాళ్లలో గుసగుస

ముందు ఆ సిగ్నల్ ఎంత బలహీనమైందో తెలియాలి. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ప్రతి దాంట్లో అణు గడియారాలుంటాయి. ఉపగ్రహం చెప్పే మాట చాలా చిన్నది: 'నేను ఇక్కడున్నా, ఇప్పుడు టైమ్ ఇంత.' ఆ మాట తనను చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి మీ ఫోన్ దూరం లెక్కేస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే చోటు తెలుస్తుంది. ఫోన్‌లో ఉండే మామూలు గడియారం చేసే తప్పును సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. ఆ కాస్త సమయంలో కాంతి 300 మీటర్లు వెళ్లిపోతుంది. అంటే లెక్కలో ఒక్క మైక్రోసెకను తేడా వస్తే దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందుకే జీపీఎస్ అంటే ముందు గడియారం, ఆ తర్వాతే మ్యాప్.

ఇంత పని చేసే ఉపగ్రహం ప్రసారానికి వాడే శక్తి పదుల వాట్లే. మన ఇళ్లల్లో పాతకాలం బల్బుకు ఖర్చయ్యేంత! అది 20 వేల కిలోమీటర్లు దాటి నేలకు చేరేసరికి చుట్టూ ఉండే రేడియో రొద కంటే తక్కువ స్థాయికి పడిపోతుంది. తిరనాళ్లలో మైకులు మోగుతుంటే ఎవరో దూరం నుంచి గుసగుసగా చెప్పిన మాట వినడం లాంటిది ఇది. మన ఫోన్లు ఆ గుసగుసను పట్టుకుంటున్నాయంటే అది గణితం, ఇంజినీరింగ్ చేసిన మహిమ.

గుసగుసను చెడగొట్టడానికి పెద్ద బలమేమీ అక్కర్లేదు. అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయంలో ఉపగ్రహ ఆధారిత ల్యాండింగ్ వ్యవస్థను పరీక్షిస్తున్న రోజుల్లో సిగ్నల్‌కు అంతుబట్టని ఆటంకాలు వచ్చేవి. 2012లో అలాంటి ఒక ఆటంకం వెనక ఎవరున్నారో ఆరా తీస్తే తేలింది ఏంటంటే.. పక్క రోడ్డు మీద వెళ్లే ఓ ట్రక్కు డ్రైవర్, తన బండి ఎక్కడ తిరుగుతోందో యజమానికి తెలియకుండా ఉండాలని చిన్న జామర్ పెట్టుకున్నాడు. అతడు దాచాలనుకున్నది తన బండిని. చెడగొట్టింది విమానాశ్రయాన్ని. అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ 2013లో అతడికి దాదాపు 32 వేల డాలర్ల జరిమానా వేసింది. మన దేశంలో కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్లు, జీపీఎస్ బ్లాకర్లు వాడటం చట్టవిరుద్ధం. 'సరదాకి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పిద్దాం' అనుకునే మిత్రులెవరైనా ఉంటే ఇప్పుడే వద్దని చెప్పండి.

పోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు

జామింగ్ అంటే సిగ్నల్‌ను రొదలో ముంచేయడం. ఫోన్ 'సిగ్నల్ లేదు' అని చెప్పేస్తుంది, మనం జాగ్రత్త పడతాం. స్పూఫింగ్ అలా కాదు. అసలు సిగ్నల్ లాంటి దొంగ సిగ్నల్‌ను పంపి, పరికరాన్ని నమ్మిస్తారు. స్క్రీన్ మీద అంతా బాగానే ఉంటుంది. చుక్క కదులుతుంటుంది. కాకపోతే మీరున్నది అక్కడ కాదు. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో రష్యా ఓడరేవు నోవొరోసిస్క్ దగ్గర పలు ఓడలకు జరిగింది ఇదే. ఓడలు నీళ్ల మీద ఉన్నాయి. పరికరాలు మాత్రం అవి ఒడ్డునున్న విమానాశ్రయంలో ఉన్నాయని చూపించాయి.

'అదెక్కడో రష్యాలో కదా' అనుకోకండి. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర, 10వ నంబరు రన్‌వే వైపు జీపీఎస్ ఆధారిత పద్ధతిలో దిగుతున్న కొన్ని విమానాలు స్పూఫింగ్‌కు గురయ్యాయి. ఆ మరుసటి నెలలో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకు ఈ సంగతి చెప్పారు. కోల్‌కతా, అమృత్‌సర్, ముంబయి, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై విమానాశ్రయాల నుంచీ జీపీఎస్ అంతరాయాల ఫిర్యాదులు వస్తున్నాయన్నారు. అంతకుముందు ఇచ్చిన మరో జవాబు ప్రకారం 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా సరిహద్దు ప్రాంతాల్లో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ పరిసరాల్లో, 465 ఘటనలు నమోదయ్యాయి.

ఇప్పుడు అసలు విషయం. ఢిల్లీలో ఆ రోజు ప్రమాదం ఎందుకు జరగలేదు? నేల మీదుండే పాతకాలపు రేడియో సాధనాల సాయంతో దిగే రన్‌వేలకు ఏ ఇబ్బందీ రాలేదు. స్పూఫింగ్ ఎదురైన విమానాలకు ముందే రాసిపెట్టుకున్న ప్రత్యామ్నాయ పద్ధతులు అక్కరకొచ్చాయి.

2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వచ్చినప్పుడు సాయం సామగ్రితో వెళ్లిన మన వాయుసేన సి-130జె విమానానికీ ఆకాశంలో స్పూఫింగ్ ఎదురైందని వార్తలొచ్చాయి. పైలట్లు ఇనర్షియల్ నావిగేషన్‌కు మారి గమ్యం చేరారు. విమానం ఎటు తిరిగింది, ఎంత వేగం పుంజుకుంది అన్నది తన లోపలున్న సెన్సర్లతో తానే కొలుచుకుని, బయటి సిగ్నల్‌తో పని లేకుండా చోటు లెక్కేసుకునే పద్ధతి అది.

ఎస్టోనియాలోని టార్టు అనే చిన్న విమానాశ్రయం కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ దిగడానికి జీపీఎస్ పద్ధతే ఆధారం. 2024 ఏప్రిల్‌లో అంతరాయాల వల్ల విమానాలు దిగలేక వెనుదిరిగాయి. ఫిన్‌ఎయిర్ సంస్థ ఏప్రిల్ 29 నుంచి నెల రోజులకు పైగా ఆ ఊరికి సర్వీసులే ఆపేసింది. జీపీఎస్ అక్కర్లేని పద్ధతి సిద్ధమయ్యాకే మళ్లీ మొదలుపెట్టింది.

ఈ మూడు ఘటనలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు చోట్ల పని సాగింది, ఒకచోట ఆగింది. సిగ్నల్ మూడు చోట్లా దెబ్బతింది. రెండో దారి ఉన్నచోట పని సాగింది. లేనిచోట ఆగిపోయింది. తేడా అంతే.

గడియారం తప్పితే?

చోటు తప్పితే మనకు వెంటనే తెలుస్తుంది. టైమ్ తప్పితే తెలియదు. అదే ఇంకా కష్టం.

2016 జనవరి 26న జీపీఎస్ ఉపగ్రహాల్లో పాతదాన్ని ఒకదాన్ని సేవ నుంచి తప్పించారు. ఆ పనిలో దొర్లిన పొరపాటుతో కొన్ని ఉపగ్రహాలు 13 మైక్రోసెకన్ల తేడా ఉన్న సమయ సమాచారాన్ని కొన్ని గంటలపాటు పంపాయి. కార్లు దారి తప్పలేదు. టెలికం పరికరాల్లో మాత్రం హెచ్చరికలు మోగాయి. బ్రిటన్‌లో డిజిటల్ రేడియో ప్రసారాలకు ఆటంకం కలిగింది. 13 మైక్రోసెకన్లు! కంటి రెప్ప వేయడానికి పట్టే సమయంతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. కానీ 5జీ టవర్లు ఒకదాంతో ఒకటి కొద్ది మైక్రోసెకన్ల తేడాలోపే కలిసి నడవాలి. ఒక టవర్ మాట్లాడాల్సిన వేళ ఇంకోటి మాట్లాడితే రెండూ వినపడవు.

యూరప్ వాళ్ల గెలీలియో వ్యవస్థ 2019 జులైలో దాదాపు వారం రోజులు ఆగిపోయింది. దాని మీద ఎవరూ దాడి చేయలేదు. లోపం ఆకాశంలోనూ కాదు, నేల మీదున్న కేంద్రంలో. ఉపగ్రహాలు తిరుగుతూనే ఉన్నాయి, వాటి లెక్క సరిచూసే చోటు పనిచేయలేదు. శత్రువే రానక్కర్లేదని, మామూలు పొరపాటు చాలని దీంతో తెలిసింది.

మన దేశంలో ప్రామాణిక సమయాన్ని కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడి సమయాన్ని అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిల్లోని ఐదు కేంద్రాల ద్వారా దేశమంతా పంచే పనిని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఇస్రోతో కలిసి చేపట్టింది. టెలికం, బ్యాంకులు, విద్యుత్తు లాంటి రంగాలు ఆ సమయాన్నే వాడాలంటూ 2025 జనవరిలో ముసాయిదా నిబంధనలు ప్రజల ముందు పెట్టింది. పత్రికల్లో మూలన చిన్న వార్తగా వచ్చి పోయింది కానీ, నా దృష్టిలో ఇది రాకెట్ ప్రయోగమంత ముఖ్యమైన వార్త.

'మనకు నావిక్ ఉందిగా' అంటే..

ఉంది. కానీ నిజం మాట్లాడుకుందాం. 2000 మే దాకా అమెరికా సైన్యం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేది. వేరేవాళ్ల గడియారం మీద బతికితే మీట వాళ్ల చేతిలోనే ఉంటుంది. కాబట్టి సొంత వ్యవస్థ కావాలనుకోవడం సరైన ఆలోచనే. మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 2013 జులై 1న తొలి ఉపగ్రహం వెళ్లింది. 2016 ఏప్రిల్ 28న ఏడోది వెళ్లింది.

ఆ తర్వాతే కష్టాలు. మొదటి ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ ఆగిపోయాయి. దాని బదులు 2017 ఆగస్టులో పంపింది రాకెట్ ఉష్ణకవచం విడిపోక వృథా అయింది. 2023 మే 29న స్వదేశీ అణు గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్లడం నిజంగా గర్వించాల్సిన విజయం. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా ఎన్‌వీఎస్-02 వెళ్లింది. రాకెట్ తన పని తాను చేసింది. ఉపగ్రహం మాత్రం కక్ష్య పెంచుకోవడానికి తెరుచుకోవాల్సిన వాల్వు తెరుచుకోక అనుకున్న చోటికి చేరలేదు.

ఇది ఇస్రోను తక్కువ చేయడం కాదు. ఆకాశంలో గడియారం నడపడం ఎంత కష్టమో చెప్పడం. నా అభిప్రాయం ఏంటంటే, నావిక్‌ను పూర్తిచేయాల్సిందే, దానికి డబ్బు, సమయం ఇవ్వాల్సిందే. కానీ నావిక్ ఒక్కటే మందు అనుకుంటే పొరపాటు. జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైదూ, నావిక్.. ఏదైనా దూరం నుంచి వచ్చే బలహీనమైన రేడియో సిగ్నలే. వీటిలో చాలావరకు దగ్గర దగ్గర పౌనఃపున్యాల్లోనే పనిచేస్తాయి. పక్కనే గట్టిగా అరిచేవాడుంటే ఐదుగురి గుసగుసలూ కలిపి వినపడవు. అందుకే రెండో దారి అంటే ఇంకో ఉపగ్రహం మాత్రమే కాదు. వేరే రకం దారి. నేల మీది రేడియో, తీగల్లో నడిచే సమయం, లోపలి సెన్సర్, చేతిలో కాగితం మ్యాప్, కళ్లతో చూసి పోల్చుకునే అలవాటు.

మన ఊళ్లకొద్దాం

విమానాలు, ఉపగ్రహాలు దూరం విషయాలనిపిస్తే పొలం గట్టు మీదికి రండి. ఒకప్పుడు సర్వేయర్ అంటే గొలుసు, జెండా కర్రలు, ఎఫ్‌ఎంబీ. ఇప్పుడు చేతిలో రోవర్. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, రోవర్లే ప్రధాన సాధనాలు. తెలంగాణ 2025లో లైసెన్స్‌డ్ సర్వేయర్ల కోసం యువతకు శిక్షణ ఇచ్చింది. మంచి అవకాశం, తప్పకుండా అందుకోండి.

అయితే రోవర్ తెర మీద రెండు మాటలుంటాయి: 'ఫిక్స్‌డ్', 'ఫ్లోట్'. ఫిక్స్‌డ్ అని ఉంటే తేడా సెంటీమీటర్లలో ఉంటుంది. మామిడి తోపు కిందో, పెద్ద గోడ పక్కనో నిలబడితే అది ఫ్లోట్‌లోకి జారుతుంది. తేడా అడుగుల్లోకి పోవచ్చు. అంకె మాత్రం అప్పుడూ దర్జాగానే కనిపిస్తుంది. దాన్ని అలాగే రాసేసే సర్వేయర్ ఒకడు. 'ఇది సరిగా లేదు' అని ఆగి, తెలిసిన హద్దు రాయి దగ్గరికెళ్లి సరిచూసి, అవసరమైతే టేపు పట్టే సర్వేయర్ ఇంకొకడు. మొదటివాడి సంతకంతో ఇద్దరు అన్నదమ్ములు పదేళ్లు కోర్టు చుట్టూ తిరగొచ్చు. మన దగ్గర గట్టు తగాదా ఎక్కడిదాకా పోతుందో మీకు చెప్పక్కర్లేదు.

డ్రోన్ పైలట్ కావాలనుకుంటున్నారా? చాలా డ్రోన్లు జీపీఎస్ ఉన్నంతసేపు గాల్లో మేకు కొట్టినట్టు నిలబడతాయి. సిగ్నల్ పోతే ఎత్తు నిలుపుకుంటాయేమో కానీ గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతాయి. ఆ క్షణంలో రెండు చేతులతో దాన్ని అదుపు చేసి దించగలిగితేనే మీరు పైలట్. లేకపోతే మీట నొక్కే మనిషి, అంతే.

సముద్రం మీద గీతలుండవు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంత మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలోగానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. 'తండేల్' సినిమాకు ఆ నేపథ్యమే ఆధారం. నీళ్ల మీద సరిహద్దు ఎక్కడుందో తెలియకపోవడం అంటే కుటుంబాలకు ఏడాదికి పైగా ఎదురుచూపు. అందుకే పడవలో పరికరం ఉండాల్సిందే. దాంతోపాటు గొల్లకావిడి ఎటు వాలిందో, ధ్రువ నక్షత్రం ఎటుందో చూసి దిక్కు చెప్పగలిగే పెద్దల జ్ఞానమూ ఉండాలి. ఒకటి ఉంటే ఇంకోటి ఎందుకు అనే ప్రశ్నే తప్పు.

చుక్క తప్పయితే శిక్ష ఎవరికి?

ఇంకో మాట. ఇది ముఖ్యంగా డెలివరీ, క్యాబ్ నడిపే తమ్ముళ్ల కోసం, ఫీల్డ్ ఉద్యోగాలు చేసే చెల్లెళ్ల కోసం. ఇప్పుడు మన హాజరు, జీతం, రేటింగ్ అన్నీ ఆ చుక్క చెప్పినట్టే నడుస్తున్నాయి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి జియోట్యాగ్ ఫొటోల హాజరును తప్పనిసరి చేశారు. ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది, చుక్క పక్క వీధికి దూకుతుంది. ఇది భౌతికశాస్త్రం, ఎవరి అబద్ధమూ కాదు. 'నువ్వు అక్కడికి వెళ్లలేదు' అని యాప్ అంటే, 'వెళ్లాను' అన్న మనిషి మాట ఎవరు వింటారు?

ఈ వ్యవస్థలు తయారుచేసేది కూడా మీలాంటి యువ ఇంజినీర్లే. కాబట్టి అడుగుతున్నా. చుక్క తప్పినప్పుడు మనిషి తన వాదన చెప్పుకోవడానికి ఒక మీట, దాన్ని చూసే ఒక మనిషి, మీ యాప్‌లో పెట్టారా? అది కూడా రెండో దారే. అది లేని వ్యవస్థను నేను సగం కట్టిన వంతెన అంటాను. ఆ మాట ఊరికే అనడం లేదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, మ్యాప్‌ను నమ్మి వెళ్లిన కారు తెగిన వంతెన మీంచి రామగంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు. అక్కడ సిగ్నల్ పోలేదు. రోడ్డుకు అడ్డంగా కంచె లేదు. చూసి ఆపే మనిషి లేడు.

'ఎప్పుడో జరిగేదానికి ఇంత హడావుడా?'

ఈ ప్రశ్న న్యాయమైనదే. నెలల తరబడి జీపీఎస్ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. కానీ స్టెప్నీ టైరు గురించి ఆలోచించండి. ఏడాదికోసారి కూడా వాడం. అయినా అది లేకుండా రాత్రిపూట శ్రీశైలం ఘాట్ రోడ్డెక్కుతారా? పైగా ఈ నైపుణ్యం స్టెప్నీలా డిక్కీలో పడేస్తే పనికొచ్చేది కాదు. వాడకపోతే తుప్పు పడుతుంది.

లండన్ ట్యాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం నగరం నడిబొడ్డున దాదాపు 25 వేల వీధులు గుర్తుపెట్టుకోవాలి. 2000 సంవత్సరంలో వాళ్ల మెదళ్లను పరిశీలించిన శాస్త్రవేత్తలు దారులను గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్‌లో వెనక భాగం మిగతావాళ్ల కంటే పెద్దగా ఉందని గుర్తించారు. 2020లో వచ్చిన ఇంకో పరిశోధనలో జీపీఎస్ మీద ఎక్కువగా ఆధారపడే డ్రైవర్లకు, అది లేకుండా దారి కనుక్కోవాల్సి వచ్చినప్పుడు జ్ఞాపకం బలహీనంగా ఉందని తేలింది. నక్షత్రాలు చూసి దారి కనుక్కునే పాఠాన్ని 1990ల చివర్లో పక్కన పెట్టేసిన అమెరికా నౌకాదళ అకాడమీ 2015లో దాన్ని మళ్లీ మొదలుపెట్టింది. జీపీఎస్ కనిపెట్టిన దేశమే అలా చేసిందంటే, దాన్ని పాతచింతకాయ పచ్చడి అని తీసిపారేయలేం.

మరి మీరేం చేయాలి?

పెద్ద పనులేం కాదు. వారానికి ఒక ప్రయాణం జీపీఎస్ గొంతు లేకుండా చేయండి. బయల్దేరేముందు మ్యాప్ మొత్తం ఒకసారి చూడండి. దారిలో వచ్చే మూడు గుర్తులు నోటితో చెప్పుకోండి: ఫలానా ఫ్లైఓవర్, ఫలానా చెరువు, ఫలానా గుడి. తప్పిపోతే మనిషిని అడగండి. 'అన్నా, ఈ అడ్రస్ ఎక్కడ?' అని అడగడం నామోషీ కాదు.

ఇంజినీరింగ్ విద్యార్థులారా, మీ ప్రాజెక్టులో జీపీఎస్ మాడ్యూల్ ఉంటే ఒక పరీక్ష చేయండి. డ్రోన్ అయితే రెక్కలు తీసేసి బల్ల మీద పెట్టండి. యాంటెన్నా మీద అల్యూమినియం ఫాయిల్ కప్పండి. మీ ప్రోగ్రామ్ ఏం చేస్తోంది? ఆఖరి చోటునే పట్టుకుని వేలాడుతోందా, తప్పు చోటు చూపిస్తోందా, 'నాకు తెలియడం లేదు' అని నిజాయతీగా చెబుతోందా? ఆ ఫలితాన్ని రిపోర్టులో ఒక పేజీగా రాయండి. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు పది మందీ అది ఎలా పనిచేస్తుందో చెబుతారు. అది ఎప్పుడు పనిచేయదో, అప్పుడేం చేస్తుందో చెప్పే ఒక్కరు మీరవుతారు.

కెరియర్ గురించి ఆలోచించేవాళ్లకు ఈ ఖాళీలోనే దారులున్నాయి. ఈసీఈ వాళ్లకు ఇనర్షియల్ సెన్సర్లు, యాంటెన్నాలు, రేడియో పౌనఃపున్యాల పర్యవేక్షణ. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ నావిగేషన్ వ్యవస్థలకు పేరున్న చోటు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ కోసమే ఒక పరిశోధన, శిక్షణ విభాగం ఉంది. సివిల్, జియోమాటిక్స్ వాళ్లకు ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు, బీటెక్ వాళ్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పోస్టులకు పోటీపడొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు నెట్‌వర్క్ టైమింగ్, దొంగ సిగ్నల్‌ను పసిగట్టే అల్గారిథమ్‌లు. వీటిలో దేనికీ కొత్త డిగ్రీ అక్కర్లేదు. చదివిన సబ్జెక్టునే 'ఇది చెడిపోతే?' అన్న ప్రశ్నతో మళ్లీ చదవాలి.

కాలేజీలకూ ఒక మాట. ల్యాబుల్లో థియోడలైట్లు, దిక్సూచులు బీరువాల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. సెమిస్టర్‌కు ఒక్కరోజైనా వాటిని బయటికి తీసి, పిల్లలతో కాలేజీ మైదానం కొలిపించండి. అదే మైదానాన్ని రోవర్‌తోనూ కొలిపించండి. రెండు అంకెలూ కలవకపోతే ఎందుకు కలవలేదో పిల్లలనే చెప్పమనండి. అంతకంటే మంచి పాఠం ఉండదు.

ఉపగ్రహాలు రేపూ తిరుగుతాయి. మీ ఫోన్‌లో నీలి చుక్క రేపూ వెలుగుతుంది. దాన్ని వాడుకోండి. కాకపోతే చుక్క ఏదైనా చెప్పినప్పుడు ఒక్క క్షణం తలెత్తి చుట్టూ చూడండి. అది చెప్పేదీ మీ కళ్లకు కనిపించేదీ కలవకపోతే, ముందు ఆగండి. ఆ తర్వాత సరిచూడండి.